రథసప్తమి ఇంకా రాలేదు

“శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి వాడు పీట మీద కూర్చోవాల. పరీక్ష హాల్లో కుర్చీ మీద కాదు. ఇంక దీన్ని గురించి నాతో ఎవరూ మాట్లాడొద్దు.”

బాలసరస్వతి ఈ మాట గోడతో అన్నది. గోడకు అవతల వంటింట్లో కోడలు శ్రీప్రియ ఉంది కనుక గోడతో అన్నా ఒకటే. వారం రోజులుగా తిరువొత్తియూరులోని ఆ రెండు గదుల ఇంట్లో అత్తాకోడళ్ళ రాయబారమంతా ఆ గోడే నడుపుతోంది.

ముందు గదిలో ఆమె కొడుకు కేదార్ నేల మీద కూర్చుని చక్రాల పెట్టెలో పుస్తకాలు సర్దుతున్నాడు. సి.ఏ. ఫైనల్లో ఈ ఆఖరి పేపరు పుస్తకాలు చూసి రాయొచ్చు. అందుకని ఆ రోజు పరీక్ష రాసేవాళ్ళంతా ఊరికి ప్రయాణమైనట్టు పెట్టెలు ఈడ్చుకుంటూ హాలుకు వస్తారు. ఏ సంగతి ఏ పేజీలో ఉందో చప్పున దొరకాలని శ్రీప్రియ ప్రతి పుస్తకానికీ రంగురంగుల చీటీలు అంటించింది. తన స్కూలు పిల్లల లెక్కల పేపర్లు దిద్దకుండా పక్కన పెట్టి మరీ అంటించింది.

ఆ చీటీలను చూసినప్పటినుంచీ బాలసరస్వతికి పరీక్ష మీద ఉన్న కాస్త గౌరవం కూడా పోయింది.

“చూసి రాసే పరీక్షే గదా,” అన్నది మళ్ళీ గోడతోనే. “ఈసారి కాకపోతే ఇంకోసారి చూసి రాసుకోవచ్చు. తండ్రి తద్దినం అట్లా కాదు. ఏడాదికి ఒక్కనాడే వస్తుంది.”

శ్రీప్రియ చెయ్యి తుడుచుకుంటూ బయటికి వచ్చింది. ఎన్నోసారో తెలియదు, మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. ఇవి మూడు పేపర్లు కలిపి ఒక గ్రూపు. మొన్న ఆదివారం ఒకటి రాశాడు, నిన్న ఒకటి రాశాడు. శుక్రవారం మూడోది రాయకపోతే గ్రూపు మొత్తం పోయినట్టే. కష్టపడి రాసిన ఆ రెండూ కూడా మళ్ళీ రాసుకోవాలి. హార్బర్ దగ్గర షిప్పింగ్ ఆఫీసులో పొద్దస్తమానం అకౌంట్స్ చూసి, లోకల్ ట్రైన్లో నిలబడి చదివిన చదువు అది. పరీక్షలకని ఆఫీసువాళ్ళు ఇంకోసారి సెలవిస్తారన్న నమ్మకం కూడా లేదు.

బాలసరస్వతి అంతా విన్నది. ఆమెకు చెవులూ బాగానే పనిచేస్తాయి, బుద్ధీ బాగానే పనిచేస్తుంది. అదే శ్రీప్రియకు కష్టంగా ఉండేది. అర్థం కాక కాదంటే ఇంకోలా చెప్పవచ్చు. అర్థమయ్యే కాదంటే ఏం చెయ్యాలి?

మధ్యే మార్గాలన్నీ అప్పటికే అయిపోయాయి. పొద్దున్నే కానిచ్చేస్తే సరిపోతుందా అని శ్రీప్రియ అడిగింది. తద్దినం అపరాహ్ణంలోనే పెట్టాలి, భోక్తలు విస్తళ్ళ ముందు కూర్చునే వేళా కేదార్ ప్రశ్నాపత్రం అందుకునే వేళా ఒకటే. మర్నాడు పెడితే? తిథి మనకోసం ఆగదు. వేరెవరైనా కూర్చుంటే? కేదార్ తండ్రి వెంకట్రామ్‌కు ఉన్నది ఒక్కడే కొడుకు.

“అత్తమ్మా, మామయ్యగారు ఉంటే పరీక్ష రాయమనే చెప్పేవారు,” అన్నది శ్రీప్రియ చివరికి. అనకుండా ఉండవలసిన మాటే. వారం నుంచి నాలుక చివర ఉంచుకుని, ఆ పూట ఓపిక చాలక అనేసింది.

బాలసరస్వతి మొదటిసారి గోడను వదిలి కోడలి ముఖంలోకి చూసింది.

“ఉంటే చెప్పేవారేమో. ఆయన పోయిన పూట నీ మొగుడు యాడుండాడో తెలుసునా నీకు? కోచింగ్ క్లాసులో. ఫోను ఆపేసి పెట్టుకున్నాడు. నేనూ, పక్కింటి విజీ ఎన్నిసార్లు చేసినామో. తులసి నీళ్ళు నేను పోసినాను నోట్లో. కొడుకు కాదు. ఆ రోజూ ఈ చదువే. ఈ రోజూ ఈ చదువేనా?”

పెళ్ళికి ముందు జరిగిన సంగతి అది. శ్రీప్రియకు ఎవరూ చెప్పలేదు. ఆమె భర్త వైపు చూసింది. కేదార్ తల ఎత్తలేదు. ఒక పుస్తకాన్ని పెట్టెలో పెట్టాడు, తీశాడు, మళ్ళీ అక్కడే పెట్టాడు.

ఆ ఇంట్లో అన్నిటికన్నా పెద్ద సమస్య అతని మౌనమే. వారం నుంచీ అతను అటూ మాట్లాడలేదు, ఇటూ మాట్లాడలేదు. ఆ రోజు పొద్దున జిరాక్స్ తీయించాలని బయటికి వెళ్ళి వచ్చాక అసలు నోరే తెరవలేదు. రాస్తానని అంటే శ్రీప్రియ అత్తగారితో చివరిదాకా పోట్లాడేది. రాయనని అంటే భర్తతో పోట్లాడేది. ఏదీ అనని మనిషి తరఫున పోట్లాడటం ఎంత అలసటో ఆమెకు ఆ వారమే తెలిసింది.

“ప్రియా, చాలు,” అన్నాడు. చెప్పులేసుకుని బీచి రోడ్డు వైపు వెళ్ళిపోయాడు.

ముందు రోజు నుంచీ అలిగి అన్నం మానేసిన బాలసరస్వతి ఆ పూట కూడా ముట్టలేదు.

శ్రీప్రియ ఆరేసిన బట్టలు తేవాలని మేడ మీదికి వెళ్ళింది. బట్టలు ఒక సాకు. కొంగున చుట్టి ఫోన్ కూడా తీసుకెళ్ళింది.

ఆమె చేయబోతున్నది మామూలు ఫోన్ కాదు. పుత్తూరులో ఉన్న అమ్మణత్తకు చేయబోతోంది. అమ్మణి వెంకట్రామ్‌కు సొంత చెల్లెలు, కేదార్‌కు మేనత్త. రెండేళ్ళ కిందట ఒక పెళ్ళిలో, పందిట్లో అందరూ వింటుండగా, “మా కేదారు పాసయ్యేలోపల వాడి కొడుకు ఆడిటరై కూర్చుంటాడేమో,” అని నవ్వింది. ఆ రోజునుంచీ బాలసరస్వతి ఆడబిడ్డతో మాట్లాడటం మానేసింది. ఆ పేరు కూడా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

కానీ అన్న తద్దినానికి చెల్లెలిని పిలవాలి కదా. ఆ వంక పెట్టుకుని, పిలిచినట్టే పిలిచి, కాస్త వదినగారికి నచ్చజెప్పమని బతిమాలుకుందామని శ్రీప్రియ ఉద్దేశం. అమ్మణత్త నోరు పెద్దదే గాని మనసు చెడ్డది కాదు.

“శుక్రవారం మామయ్యగారి తద్దినం, మీరు తప్పకుండా రావాలి,” అని మొదలుపెట్టింది.

అవతల టీవీ చప్పుడు తగ్గింది.

“ఏ శుక్రవారం?” అన్నది అమ్మణి.

“ఈ శుక్రవారమే అత్తా. ఎల్లుండి.”

“ఈ శుక్రవారం ఎట్లొస్తుంది? ఇంకా పుష్యమాసమే నడస్తా ఉండాది గదమ్మా. మా అన్న పోయింది మాఘంలో.”

శ్రీప్రియ చేతిలో బట్టలు అలాగే ఉండిపోయాయి.

“నాకు బాగా జ్ఞాపకం. రథసప్తమి నాడు తెల్లారి నాకు ఫోన్ చేసినాడు. నెత్తిన జిల్లేడాకు పెట్టుకుని నీళ్ళు పోసుకున్నావా లేదా అని అడిగినాడు. ప్రతి ఏడాదీ అడిగేవాడు, చిన్నప్పటినుంచీ. అదయిన మూడో నాడు, దశమి పూట, పోయినాడు. మర్నాడు భీష్మ ఏకాదశి. రథసప్తమి ఇంకా రానేలేదు, మీరు అప్పుడే తద్దినం ఎట్లా పెడతా ఉండారు? ఎవరు చెప్పినారు మీకు?”

కొత్త శాస్త్రిగారు చెప్పారని శ్రీప్రియ చెప్పింది.

“అరవాయనా? సరి సరి. వాళ్ళది సౌరమానం. సూర్యుణ్ణి పట్టుకుని లెక్క వేసుకుంటారు. వాళ్ళ తై మాసంలో పోయినాడు గదా, తైలో ఆ తిథి ఎప్పుడొస్తే అప్పుడు అంటారు. మనది చాంద్రమానం. నెల ఆగాల. మీ అత్తకి తెలియదా ఇది?”

తెలియక కాదు. ఇన్నేళ్ళూ ఆ లెక్క ఆమె వేసుకోవలసిన అవసరం రాలేదు. పాత పురోహితుడు అవధానులుగారు ప్రతి ఏడూ తనే ఇంటికి వచ్చి, మంచినీళ్ళు తాగి, ఫలానా రోజమ్మా అని చెప్పి వెళ్ళేవారు. మొన్న ఆషాఢంలో ఆయన కాలం చేశారు. మాడవీధిలో ఉండే కొత్త శాస్త్రిగారు వెంకట్రామ్ పోయిన తేదీ చెప్పమన్నారు. బాలసరస్వతి ఇంగ్లీషు తేదీ చెప్పింది. ఆయన తన పంచాంగం తీసి తన పద్ధతిలో చూసి చెప్పారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడలేదు, ఎవరూ తప్పు చేయాలని చేయలేదు.

శ్రీప్రియ మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు. సగం బట్టలు తీగ మీదే ఉండిపోయాయి.

కిందికి వచ్చాక ధైర్యం కొంత తగ్గింది. సంగతి చెప్పాలంటే ఎవరు చెప్పారో కూడా చెప్పాలి. అత్తగారు మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆకలికి ముఖం పీక్కుపోయింది.

“అత్తమ్మా, మామయ్యగారు పోయింది రథసప్తమికి ముందా, తర్వాతా?”

ఎందుకడిగిందో అనే అనుమానం లేకుండా బాలసరస్వతి గోడవైపు చూస్తూనే జవాబు చెప్పింది. “తర్వాత. జిల్లేడాకుల కోసం రైలు పట్టాల పక్కకి పోయి కాలికి ముల్లు గుచ్చుకుని వచ్చినాడు. తీసేదానికి రాలేదు. మూడు నాళ్ళూ కుంటతానే ఉండాడు. కుంటతా కుంటతానే...”

మాట మధ్యలో ఆగింది. లేచి కూర్చుంది. వేళ్ళ కణుపుల మీద ఏదో లెక్కపెట్టుకుంది. మళ్ళీ మొదటినుంచీ లెక్కపెట్టింది. చెప్పడం కన్నా ఆమెకే తట్టడం మంచిదని శ్రీప్రియకు తోచింది.

“రథసప్తమి ఇంకా రాలేదే,” అన్నది బాలసరస్వతి.

“రాలేదత్తమ్మా. ఇంకా నెల ఉంది.”

“నీకెవరు చెప్పినారు?”

“అమ్మణత్త.”

ఆ పేరు విని బాలసరస్వతి కోప్పడుతుందని శ్రీప్రియ కాచుకుని ఉంది. కోప్పడలేదు. పెద్దావిడ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఏడుస్తోందని దగ్గరికి వెళితే, ఏడుస్తూనే నవ్వుతోంది.

“ఆయన పోయిన నెల నేను మర్చిపోయినాను చూడు. దానికి జ్ఞాపకం ఉండాది. చెల్లెలు గదా.” కళ్ళు తుడుచుకుంది. “ఏమన్నా ఉండాదా తినేదానికి? కడుపు మండతా ఉండాది.”

వారం తర్వాత ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళూ ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నారు. పొద్దుటి సాంబారే, అడుగంటింది కూడా. శ్రీప్రియకు అంత రుచిగా ఎప్పుడూ అనిపించలేదు. గుండెల మీద పెట్టిన రోలు ఎవరో తీసి పక్కన పెట్టినట్టుంది. అత్తగారు రెండోసారి పెట్టించుకుంటుంటే ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

కేదార్ తిరిగి వచ్చేసరికి ఇద్దరూ ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు. పుష్యం, మాఘం, తై, ముల్లు, జిల్లేడాకులు. అతనికి అర్థం కావడానికి కొంత సేపు పట్టింది.

“నెల తర్వాతా?” అన్నాడు. “ష్యూరా? సరిగ్గా చూసినారా?”

శ్రీప్రియ ఫోన్లో తెలుగు పంచాంగం తీసి చూపించింది. అతను చాలాసేపు దానివైపే చూశాడు.

“అప్పుడు శుక్రవారం నేను పరీక్ష రాయాల,” అన్నాడు.

ఇంత శుభవార్త విన్నవాడు అలా అంటాడా అని శ్రీప్రియకు ఒక్క క్షణం అనిపించింది. అలసిపోయాడులే అనుకుంది. ఆ సంతోషంలో దాన్ని పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున అత్తాకోడళ్ళు శాస్త్రిగారింటికి బయలుదేరారు. శుక్రవారం రావద్దని చెప్పాలి, భోక్తలకు కబురు చేయించాలి. ఫోన్లో చెప్పవచ్చు గాని, తప్పు తమవైపు నుంచి కూడా ఉంది కనుక ఎదుట పడి చెప్పడం మర్యాద అన్నది బాలసరస్వతి. పొంగల్ సెలవులు కావడంతో శ్రీప్రియకు స్కూలు లేదు. దారిలో పెద్దావిడ ఎన్నడూ లేనిది కోడలి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటింది.

శాస్త్రిగారు సంగతి విని తల పట్టుకున్నారు. మీది చాంద్రమానం అని నాకు ఒక్క మాట చెప్పి ఉండకూడదా అమ్మా అని తమిళంలో నొచ్చుకున్నారు. నేనైనా అడిగి ఉండవలసింది అని వెంటనే తనే అన్నారు. మాఘ దశమి ఏ రోజు వస్తుందో చూసి, ఆ రోజుకు తానే వస్తానన్నారు. అంతా సులభంగా తేలిపోయింది. లేవబోతుండగా ఆయన ఇంకో మాట అన్నారు.

మీ అబ్బాయికి కూడా చెప్పారు కదా అని అడిగారు. నిన్న పొద్దున వచ్చి, శుక్రవారం తప్పకుండా రండి, నేనే కూర్చుంటాను, పరీక్ష రాయడం లేదు అని చెప్పి వెళ్ళాడట. భోక్తలకు ధోవతులు కూడా కొని ఇచ్చి వెళ్ళాడట. ఈ కాలంలో ఇలాంటి కొడుకు ఎవరికుంటాడమ్మా అన్నారు. ధోవతుల పొట్లం తెచ్చి బాలసరస్వతి చేతిలో పెట్టారు.

మాడవీధి మొదలుకుని ఇంటి మలుపుదాకా బాలసరస్వతి ఆ పొట్లాన్ని చంకలో పెట్టుకుని ముందు నడిచింది.

శ్రీప్రియకు కోపం వచ్చింది, దుఃఖం వచ్చింది, ఏది ముందు వచ్చిందో ఆమెకే తెలియదు. ఎవరికోసం తను అత్తగారితో వారం రోజులు యుద్ధం చేసిందో ఆ మనిషి తనతో చెప్పకుండా ముందే ఓడిపోయి వచ్చాడు. జిరాక్స్ అన్నాడు. వచ్చి ఆ చీటీలన్నీ చూసుకుంటూ పెట్టె సర్దాడు. రాయని పరీక్షకు పెట్టె ఎందుకు సర్దినట్టు?

“వాడు నాకు కూడా చెప్పలేదు,” అన్నది బాలసరస్వతి మెల్లగా. “నేను అన్నం మాని పడుకుని ఉంటే కూడా చెప్పలేదు.”

“ఇప్పుడే అడుగుతాను,” అన్నది శ్రీప్రియ.

“వద్దు. రేపు రాసి రానీ. ఈడిదాకా వచ్చినాక వాడి మనసు కదిలించొద్దు. సాయంత్రం నువ్వే అడుగు, నేను అడ్డం రాను.”

అత్తగారి నోట పరీక్ష మాట అంత జాగ్రత్తగా రావడం శ్రీప్రియ ఎన్నడూ వినలేదు. ఆ ఒక్క మాటకు ఆమె కోపం సగం దిగిపోయింది. ఇంటికి చేరాక ధోవతుల పొట్లాన్ని బాలసరస్వతి దేవుడి అలమరలో పైన పెట్టింది, కొడుకు కళ్ళబడకుండా.

శుక్రవారం పొద్దున ఆమె తనే లేచి వంట చేసింది. పెరుగన్నంలో దానిమ్మ గింజలు వేసి డబ్బా కట్టింది. పెట్టె చక్రాలు కీచుమంటుంటే శ్రీప్రియ కొబ్బరినూనె వేసింది. కేదార్ తల్లి కాళ్ళకు దండం పెట్టి, తండ్రి ఫోటో ముందు ఒక నిమిషం నిలబడి, ఎగ్మోరు వైపు పోయే ఆటో ఎక్కాడు. ఆ రోజు ట్రైన్ వద్దని తల్లే పట్టుబట్టింది. ఆటో మలుపు తిరిగేదాకా ఇద్దరూ వాకిట్లోనే నిలబడ్డారు.

మధ్యాహ్నం రెండు దాటాక బాలసరస్వతి ఫోన్ తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. శ్రీప్రియకు మాటలు గోడ ఇవతలికి వినిపిస్తూనే ఉన్నాయి. ఆ గోడకు దాచే అలవాటు లేదు.

“అమ్మణీ, నేను వదినెను.”

రెండేళ్ళ తర్వాత ఆ మాట. అవతల ఆవిడ ఏమన్నదో గాని, కొంతసేపు ఇవతల ముక్కు చీదుకోవడం తప్ప ఏమీ వినిపించలేదు. తర్వాత ఇద్దరూ కలిసి వెంకట్రామ్ కాలి ముల్లు గురించి మాట్లాడుకున్నారు. ఆ తర్వాత బాలసరస్వతి గొంతు పెద్దదైంది.

“నువ్వు పందిట్లో అన్న మాట నేను మర్చిపోలేదులే. కానీ విను. వాడు వాళ్ళ నాయన కోసమని పరీక్షే వదులుకునేదానికి సిద్ధమైనాడు. ఎవరికీ చెప్పలేదు. శాస్త్రిగారి దగ్గరికి పోయి, ధోవతులు కూడా ఇచ్చి వచ్చినాడు. ఆ రోజు నేను తులసి నీళ్ళు పోసినాననే బాధ ఇన్నేళ్ళకి తీరింది అమ్మణీ.”

శ్రీప్రియ గోడకు ఇవతల కూర్చుని విన్నది. ఆ పెద్దావిడ సంతోషం చూస్తే తనకు కోపం తెచ్చుకునే హక్కు లేదేమో అనిపించింది. అయినా తనతో ఒక మాట చెప్పి ఉండవలసింది. ఆ ముల్లు మాత్రం ఎటు తిప్పినా రాలేదు.

కేదార్ చీకటి పడే వేళకు వచ్చాడు. పెట్టె ఒక చేత్తో ఎత్తుకుని, చెప్పులు ఒక్కోటి ఒక్కో వైపుకు వదిలి, లోపలికి వస్తూనే నేల మీద చాప లేకుండా పడుకున్నాడు. నవ్వుతున్నాడు. ఎన్ని నెలల తర్వాతో ఆ ముఖంలో నవ్వు చూసి శ్రీప్రియ కూడా నవ్వేసింది.

“రాసినా ప్రియా,” అన్నాడు. “మొత్తం రాసినా. ఒక్కటీ వదల్లేదు. నీ పచ్చ చీటీలే కాపాడినాయి.”

బాలసరస్వతి కాఫీ పెట్టాలని వంటింట్లోకి వెళ్ళింది. వెళ్తూ కోడలివైపు ఒకసారి చూసింది. ఆ చూపు అర్థం శ్రీప్రియకు తెలుసు.

అడగాలా అని ఒక్క క్షణం తటపటాయించింది. నవ్వుతున్న మనిషిని ఇప్పుడే అడగాలా? కానీ ఇవాళ అడగకపోతే ఇంకెప్పుడూ అడగలేనని కూడా అనిపించింది.

“కేదార్, బుధవారం శాస్త్రిగారింటికి ఎందుకెళ్ళావు?”

అతను లేచి కూర్చున్నాడు.

“తెలిసిపోయిందా?”

“నిన్ననే. ధోవతులు కూడా ఇంటికొచ్చాయి. నువ్వు మామయ్యగారి కోసం పరీక్ష వదిలేద్దామనుకుంటే నేను అడ్డం పడతానా? బాధపడేదాన్నేమో. కానీ నాతో ఒక్క మాట చెప్పి ఉంటే...”

“నాన్న కోసం కాదు ప్రియా.”

ఆమెకు అర్థం కాలేదు. అతను పెట్టె హ్యాండిల్ లోపలికి తోస్తూ, బయటికి లాగుతూ, ఆమె ముఖం చూడకుండా చెప్పాడు.

“మంగళవారం పేపరు పాడు చేసినా. ఇంటికొచ్చి బాగా రాసినానని చెప్పినా. పోయిందనే అనుకున్నా. ఇంకోటి రాసి మళ్ళీ ఫెయిలైతే ఏమని చెప్పేది నీకు? ఎన్నిసార్లని చెప్పేది? ఫెయిలైతే ఫెయిలైనాడంటారు. తద్దినం కోసం రాయలేదంటే ఎవరూ ఏమీ అనరు. ఆఫీసులో అనరు. అమ్మ అనదు. అమ్మణత్త కూడా అనదు. అందుకని పోయి చెప్పి వచ్చినా.”

హ్యాండిల్‌ను ఇంకోసారి లోపలికి తోశాడు. “ఆ తేదీ తప్పని మీరు చెప్పినప్పుడు నాకు సంతోషం రాలేదు. భయమేసింది. నిజం అదే.”

“మరి ఇవాళ?”

“ఇవాళ తప్పించుకునేదానికి దారి లేదు గదా. కూర్చున్నా, రాసినా. పాసవుతానో లేదో తెలియదు. పర్లేదు. ఫెయిలైతే ఫెయిలైనానని నీకు చెప్తా. పరీక్ష వదిలేసి ఉంటే ఆ ధోవతుల కథ మటుకు జన్మలో చెప్పి ఉండను.”

శ్రీప్రియకు చెప్పలేనంత హాయిగా అనిపించింది. ఎందుకో ఆమెకే వింతగా ఉంది. త్యాగం చేసిన భర్త కన్నా, భయపడ్డానని చెప్పిన ఈ భర్త ఆమెకు ఎక్కువ తెలిసిన మనిషి. ఆమె అతని చేతిలోంచి పెట్టె హ్యాండిల్ తీసి పక్కన పెట్టింది.

అప్పుడు వంటింటి గుమ్మంలో అలికిడి అయింది. బాలసరస్వతి కాఫీ గ్లాసుతో నిలబడి ఉంది. గోడ ఆమెకు అన్నీ ముందే చెప్పేసినట్టు ముఖం చూస్తేనే తెలుస్తోంది.

“అమ్మా,” అన్నాడు కేదార్.

ఆమె వచ్చి గ్లాసు అతని ముందు పెట్టింది. గోడతో కాదు, కొడుకు ముఖం చూస్తూనే మాట్లాడింది.

“నెల పోతే దశమి వస్తుంది. పీట మీద కూర్చున్నప్పుడు ఈ మాట మీ నాయనకి నువ్వే చెప్పు. మధ్యాహ్నం ఆయన ఫోటో ముందు నేను వేరేగా చెప్పేసినాను.”

ఆమె కోపంగా అన్నదో, ఓర్పుగా అన్నదో శ్రీప్రియకు తెలియలేదు. అంతలో పెద్దావిడ నడుముకు దోపుకున్న ఫోన్ మోగింది. బాలసరస్వతి తీసి పేరు చూసింది. అమ్మణి. మోగుతున్న ఫోన్‌ను అలాగే కొంతసేపు చూసి, బటన్ నొక్కి, కొడుకు చేతికి ఇచ్చింది.

“మీ అత్త. నీతో మాట్లాడాలని మధ్యాహ్నం నుంచీ కాచుకుని ఉండాది. మాట్లాడు.”

కేదార్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే లోపలే అమ్మణి గొంతు గది అంతా వినిపించింది.

“నాయనా కేదారూ, ఆ పందిట్లో నోరు జారినానురా, నన్ను క్షమించు. తండ్రి కోసం ఇంత పెద్ద పరీక్ష వదులుకునే కొడుకు మా ఇంట్లో పుట్టినాడని ఈడ పుత్తూరులో అందరికీ చెప్పినాను...”

కేదార్ తల్లి వైపు చూశాడు. ఆమె గుమ్మం దగ్గరికి వెళ్ళి, రెండు రోజులుగా తీగ మీదే మరిచిపోయిన బట్టలు తేవాలన్నట్టు మేడ మెట్ల వైపు చూస్తూ నిలబడింది. శ్రీప్రియ వైపు చూశాడు. ఆమె అతని వైపే చూస్తోంది. అవతల అమ్మణత్త, నాయనా, ఉండావా అని అడుగుతోంది.